పద్నాలుగు నిమిషాల ఖాళీ

టెస్టింగ్ గది, రెండో అంతస్తు
ఆగస్టు 22

శ్రీవారికి,

ఈ ఉత్తరంతో పాటు జీపులో ఒక చెక్కపెట్టె వస్తోంది. దాన్ని మీ చేత్తోనే దింపుకోండి. డ్రైవరుగారికి వదిలేస్తే బంగాళాదుంపల బస్తా వెనకాలే దాన్నీ దభీమని పడేస్తారు. అందులో ఉన్నది నా ఏడాదిన్నర కష్టం.

పెద్దసారు వైర్‌లెస్‌లో ముక్తసరిగా చెప్పి ఉంటారు కాబట్టి నేను మొదటినుంచీ చెబుతాను. జలాశయంలో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో ఈ పెట్టె నిమిషానికోసారి తనంతట తానే రాసుకుంటుంది. పాత పెట్టె కరెంటు పోగానే రాసిందంతా మరిచిపోయేది. కొండమీది ఆ చలికి బ్యాటరీలు నిలవవు. అందుకే మూడు గంటలకోసారి మెట్లు దిగి, నీళ్ళలోని గేజి కొలబద్ద చూసి, పెన్సిలుతో రాయడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. వెతికి వెతికి మిమ్మల్నే పట్టుకున్నారు.

ఈ కొత్తదానిలో రెండు రకాల మెమరీ కలిపి పెట్టాను. ర్యామ్ చురుకైనది, ఎన్నిసార్లు రాసినా అలిసిపోదు, కానీ కరెంటు పోతే దానికి ఏమీ గుర్తుండదు. ఫ్లాష్ నిదానం, మాటిమాటికీ రాస్తే అరిగిపోతుంది, కానీ ఒకసారి మనసులో పెట్టుకున్నది కరెంటు ఉన్నా లేకపోయినా వదలదు. ఇది అత్తయ్యకు చెబితే, "అయితే ఒకటి నువ్వు, ఇంకోటి మావాడు" అన్నారు. పెళ్ళినాటి మాటలు మీరు ఇప్పటికీ తవ్వి తీస్తారని కన్నతల్లికి తెలియదా.

కాబట్టి పెట్టె రోజంతా ర్యామ్‌లోనే రాస్తుంది. కరెంటు పోయిన మరుక్షణం, బొటనవేలంత కెపాసిటర్ ఒకటి తనలో దాచుకున్న కరెంటుతో ఎనిమిది సెకన్లు ఆదుకుంటుంది. ఆ ఎనిమిది సెకన్లలో ర్యామ్‌లో ఉన్నదంతా ఫ్లాష్‌లోకి చేరిపోతుంది. అరనిమిషంలో మీ జనరేటర్ అందుకోగానే అంతా తిరిగి ర్యామ్‌లోకి వచ్చేస్తుంది. అంతే సంగతి. జీపు వచ్చినప్పుడల్లా రాసిందంతా అక్కడి లాప్‌టాప్‌తో ఒక మెమరీ కార్డులోకి ఎక్కించి నాకు పంపండి.

ఇప్పుడు అసలు విషయం. అరవై రోజులు వరసగా, ఒక్క నిమిషం ఖాళీ లేకుండా పెట్టె రాసిందంటే, అక్కడ ఇక మనిషి అక్కర్లేదని పెద్దసారు ఒప్పుకున్నారు. కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నాను. ఏ కారణం చేతనైనా సరే ఒక్క నిమిషం ఖాళీ వచ్చిందా, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

మీరు వెళ్ళి ఐదు నెలలు. భోజనాల బల్ల మీద మీరు కూర్చునే వైపు నా కాగితాలు పరిచేశాను. పని ఎక్కువై కాదు, ఆ చోటు చూడలేక. మన చిట్టిదానికి ముందు పన్ను కదులుతోంది.

ఇట్లు
మీ ఆవిడ


పై గేజి గది
సెప్టెంబరు 8

ఇంజనీరమ్మకు,

నీ పెట్టెను చంటిపిల్లను దింపినట్టు దింపుకున్నాను. డ్రైవరుగారు పక్కన నిలబడి, "అంత ముద్దుగా నన్నెప్పుడూ దింపలేదు కదండీ" అన్నాడు. ఆగస్టు ఇరవై నాలుగు ఉదయం బిగించాను. అప్పటినుంచీ పచ్చ దీపం నిమిషానికోసారి వెలిగి ఆరుతోంది. మాట్లాడే మనిషి లేని గదిలో అది కూడా తోడే.

గది సంగతి నీకు చెప్పాను కదా, ఏడడుగులు ఇటు, పది అడుగులు అటు. మంచం, స్టవ్, బల్ల, ఒక కిటికీ. కిటికీలోంచి నీళ్ళు తప్ప ఏమీ కనబడవు. గేజి దగ్గరికి నూటపన్నెండు మెట్లు. నీ పెట్టె వచ్చినా నేను మూడు గంటలకోసారి దిగడం మానలేదు. మానితే కాళ్ళు పట్టేస్తాయి, మనసూ పట్టేస్తుంది.

కరెంటు విషయానికి వస్తే, గాలి గట్టిగా వీచినప్పుడు తీగలు ఊగి దీపం కాస్త మినుకుమంటుంది. అంతకు మించి చెప్పుకోవలసిందేం లేదు.

చిట్టిదానికి ముందు పన్ను కదులుతోందని రాశావు. నేను వచ్చేదాకా ఆగమని చెప్పు, నేనే లాగుతాను. అరవైలో పదహారు రోజులు అయిపోయాయి. ఇక్కడి కేలెండరు నేను గీతలు పెట్టి పెట్టి చిరిగేలా ఉంది.

నీ కొండమనిషి


టెస్టింగ్ గది
సెప్టెంబరు 21

శ్రీవారికి,

మొదటి కార్డు అందింది. పదహారు రోజులు, ఇరవై మూడు వేల చిల్లర రీడింగులు, ఒక్క ఖాళీ లేదు. నా కాళ్ళు నేలమీద ఆనడం లేదు. పెద్దసారు కళ్ళజోడు పైకి నెట్టి రెండుసార్లు చూసి, "పరవాలేదమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం ఈ అంతస్తులో ఎవరూ ఎరగరు.

ఇలాంటి పెట్టెలే ఇంకా పదకొండు కావాలట. డ్యాము కింద ఉన్న పట్నంలో సైరన్లను నేరుగా వీటికే కలుపుతారట. నీళ్ళు గీత దాటితే ఎవరి అనుమతీ లేకుండా సైరన్ దానంతట అదే మోగాలి. విన్నప్పుడు ఒళ్ళు గగుర్పొడిచింది.

ఇక్కడ ఎవరైనా "ఇంత ధీమా ఏమిటమ్మా" అంటే మీ పేరు చెబుతున్నాను. నేను కొత్తగా చేరినప్పుడు మీరు ఇదే బల్ల దగ్గర నాకు నేర్పిన మొదటి పాఠం గుర్తుందా? ప్లగ్గు పీకితే మనసులో పది లెక్కపెట్టి గానీ మళ్ళీ పెట్టకూడదు అని. ఈ పెట్టె మీద పన్నెండు వందలసార్లు ప్లగ్గు పీకాను. పన్నెండు వందలసార్లూ పది లెక్కపెట్టాను. ఒక్కసారి కూడా తడబడలేదు.

చిట్టిది పన్ను ఊడగొట్టుకుంది. మీకు చూపించాలని అగ్గిపెట్టెలో పెట్టి, ఆ అగ్గిపెట్టె ఎక్కడ పెట్టిందో మరిచిపోయి ఇల్లంతా తిరగేసింది. దొరికేదాకా అత్తయ్యను కూర్చోనివ్వలేదు.

త్వరగా వచ్చేయండి. తెలిసిన మాటే అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

మీ ఆవిడ


పై గేజి గది
అక్టోబరు 8

ఇంజనీరమ్మకు,

మూడో కార్డు పంపుతున్నాను, రెండోది పోయిన జీపులో అంది ఉంటుంది. నలభై ఆరో రోజు ఇవాళ.

సైరన్లు అప్పుడే కలుపుతున్నారా? పెద్దసారు అంత తొందర పడటం దేనికి? ఇంకో చోట కూడా కొన్నాళ్ళు పెట్టి చూస్తే బాగుంటుందేమో అడిగి చూడు. నేను అన్నానని చెప్పకు.

పన్ను దొరికినందుకు సంతోషం. ఒంట్లో బాగానే ఉంది. ఇక్కడ గాలి ఎక్కువైంది. ఈసారి ఇంతకంటే రాయడానికేమీ తోచడం లేదు.

నీ
కొండమనిషి


ఇంటి నుంచి
అక్టోబరు 22

మీకు,

కార్డు అందింది. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది. చిట్టిదానికి బడిలో చిన్న పరీక్షలు. ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు పంపుతున్నాను.

మీరు ఇప్పటికీ మూడు గంటలకోసారి గేజి చూసి పుస్తకంలో రాస్తున్నారా? అది మాత్రం చెప్పండి.


ఇంటి నుంచి
నవంబరు 6

శ్రీవారికి,

పోయినసారి జీపులో మేజోళ్ళు ముట్టాయని ఒక్క ముక్క రాశారు. నా ప్రశ్నకు జవాబు రాయలేదు. అదే జవాబు అనుకున్నాను.

నీళ్ళు ఊరికే ఉండవు. గాలికి మిల్లీమీటరో రెండో పైకీ కిందికీ ఆడుతూనే ఉంటాయి. కార్డులో ఉన్నది కాగితం మీద గీస్తే గీత సన్నగా వణుకుతూ పోతుంది. మీ రెండో కార్డు మొదట చూసినప్పుడు నాకు తట్టలేదు. మూడో కార్డులో మూడు చోట్ల గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. వెనక్కి వెళ్ళి చూస్తే రెండో దానిలోనూ ఒక చోట ఉంది. ప్రతిసారీ ఆ తిన్నని గీత మీరు గేజి చూసే వేళకే మొదలై, మళ్ళీ మీరు గేజి చూసే వేళకే ఆగింది. అంకెలన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగిశాయి. సగం కనబడితే ఐదు వేయడం ఎవరి అలవాటో నాకు ఒకరు చెప్పాలా? మీ పక్క బల్ల మీద నాలుగేళ్ళు పనిచేశాను.

పెట్టె మరిచిపోయింది. మీరు నింపారు.

దీన్ని అక్టోబరు తొమ్మిదిన చూశాను. ఈ ఇరవై ఎనిమిది రోజులూ నోరు మెదపలేదు. మిమ్మల్ని కడిగేయాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను గానీ, ముందు నా సంగతి చెప్పుకోవాలి. సంతకం పెట్టాల్సిన కాగితం నా సొరుగులో ఉంది. రెండుసార్లు పెన్ను మూత తీశాను. మీరు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నట్టు, చిట్టిది మీ మెడ పట్టుకుని వేలాడుతున్నట్టు ఊహించుకుంటూ తీశాను. మీరు అబద్ధం రాసింది ఎందుకో నాకు బాగా తెలుసు. అదే అబద్ధం నేనూ రాయబోయాను.

కానీ సైరన్ ఈ పెట్టె మాట విని మోగాలి. రేపు అది మరిచిపోయినప్పుడు, పక్కన పెన్సిలు పట్టుకుని మీరుండరు. కింద పట్నంలో ఎవరి పిల్లలో బడికి వెళ్తూ ఉంటారు.

వచ్చే సోమవారం వరకు ఆగుతాను. మీరు చెప్పకపోతే నేనే చెబుతాను.

మీ ఆవిడ


పై గేజి గది
నవంబరు 8

నీకు,

నీ ఉత్తరం చదివి అరగంట మెట్ల మీద కూర్చున్నాను. తర్వాత పైకి వచ్చి వైర్‌లెస్ తీశాను. నాలుగుసార్లు ఖాళీ వచ్చిందనీ, నాలుగుసార్లూ చేతిపుస్తకం చూసి నేనే నింపాననీ పెద్దసారుకు చెప్పాను. ఆ వేళకు అన్ని గేజి గదుల వాళ్ళూ లైనులోనే ఉంటారు. అందరూ విన్నారు. పెద్దసారు, "పెట్టె బాగయ్యి, అరవై రోజులు నిక్కచ్చిగా గడిచేదాకా నువ్వు అక్కడే" అన్నారు. నా ఫైలులో ఒక కాగితం చేరుతుంది. చేరనీ.

ఎలా జరిగిందో చెబుతాను, నీకు పనికొస్తుంది. కరెంటు పూర్తిగా పోయినప్పుడల్లా పెట్టె చెక్కుచెదరలేదు. పోయీ పోనట్టు పోయినప్పుడే చిక్కు. గాలికి తీగలు ఊగి దీపం కన్ను కొడుతుంది, ఒక సెకను, రెండు సెకన్లు. అలాంటప్పుడే, అదీ ఎప్పుడో ఒకసారి, పెట్టె పొద్దున్నుంచీ రాసింది పోగొట్టుకునేది. మొదటిసారి జరిగినప్పుడే నీకు చెప్పాలి. పుస్తకంలో రీడింగులు ఉన్నాయి కదా, ఎవరికి నష్టం అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. రెండోసారి అలా సర్ది చెప్పుకోవలసిన అవసరం కూడా రాలేదు.

నీ పేరు కాపాడాలని చేశానని చెబితే సగం నిజం. ఇంటికి రావాలని చేశాను. ఇక్కడ సాయంత్రం స్టవ్ వెలిగించి ఇద్దరికి సరిపడా టీ నీళ్ళు పెడుతున్నాను, రోజూ. పారబోసేటప్పుడు గానీ గుర్తు రాదు. నువ్వు లేకుండా నాకు బాగా లేదు. ఇన్ని ఉత్తరాలలో ఒంట్లో బాగానే ఉందని రాశాను గానీ ఈ మాట రాయలేదు.

నన్ను తిట్టాలనుంటే తిట్టు. ఉత్తరం మాత్రం మానకు.

నీ
కొండమనిషి


టెస్టింగ్ గది
డిసెంబరు 3

శ్రీవారికి,

తిట్టడానికి నాకు మొహం లేదు. తప్పు దొరికింది, అది నాలోనే ఉంది.

మీ ఉత్తరం చదవగానే ఇక్కడున్న జత పెట్టె ముందు కూర్చుని ప్లగ్గు పీకి, లెక్కపెట్టకుండా వెంటనే పెట్టేశాను. మూడోసారికే రాసింది పోయింది. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా నేను ఆ పని చెయ్యలేదు. పది లెక్కపెట్టే లోపల కెపాసిటర్ తన పని తాను హాయిగా పూర్తి చేసుకునేది, నేను శభాష్ అనుకునేదాన్ని. రెండు సెకన్లకే కరెంటు తిరిగొస్తే ఏమవుతోందంటే, ఫ్లాష్‌లో పాతది చెరిపేసి కొత్తది సగం రాసేసరికి, "కరెంటు వచ్చేసిందిగా" అని పెట్టె చేస్తున్న పని వదిలేసి, ఆ సగాన్నే తెచ్చి ర్యామ్‌లో నిండుగా ఉన్నదాని మీద పోసేస్తోంది. మీరు నేర్పిన జాగ్రత్తే, నేను గుడ్డిగా పాటించాను. పెద్దసారుకు ఇద్దరి పేర్లూ చెప్పాను. ఆయన తల పట్టుకుని, "భార్యాభర్తలను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం నాదే బుద్ధితక్కువ" అన్నారు.

ఇప్పుడు ఫ్లాష్‌ని రెండు గదులు చేశాను. ఒకదానిలో పూర్తిగా రాసి, పూర్తయిందని గుర్తు పెట్టాకే రెండోదాన్ని చెరుపుతుంది. ఒకసారి రాయడం మొదలుపెట్టాక కరెంటు వచ్చినా సరే, మధ్యలో లేవదు. ప్లగ్గు పీకే పని కూడా నా చేతినుంచి తీసేశాను. ఒక చిన్న యంత్రం తన ఇష్టం వచ్చినట్టు, ఒకసారి అర సెకను, ఒకసారి ఐదు సెకన్లు, తొమ్మిది వేలసార్లు పీకి పెట్టింది. అంతా నిలిచింది. దాని టకటకకు, గడియారం చప్పుడుకు అలవాటు పడ్డట్టు మా అంతస్తంతా అలవాటు పడిపోయింది.

బాగుచేసిన పెట్టె ఈ జీపులోనే వస్తోంది, ఇదే ఆఖరి జీపు. మంచుకు కనుమ దారి మూసుకుపోతే మార్చి దాకా మీ దగ్గరినుంచి నాకు ఒక్క అక్షరం రాదు. వైర్‌లెస్‌లో నీటిమట్టం చెప్పేటప్పుడు మీ గొంతు వినొచ్చని పెద్దసారు అన్నారు. రోజూ ఉదయం వెళ్ళి తలుపు దగ్గర నిలబడతాను. మీరు అంకెలే చెప్పండి. నాకు అవి చాలు.

చాలవు. ఊరికే రాశాను.

మీ ఆవిడ


పై గేజి గది
డిసెంబరు 5

నీకు,

డ్రైవరుగారు ఇంజను ఆపకుండా హారను కొడుతున్నాడు, మంచు మొదలైంది. పెట్టె ఉదయం ఆరింటికి బిగించాను. ఇవాళ ఒకటో రోజు. ఖాళీ వస్తే ఖాళీ అనే చెబుతాను. చిట్టిదాన్ని నా బదులు ఎత్తుకో, బరువైందని దించకు.


పై గేజి గది
మార్చి 10

నీకు,

దారి తెరిచారు. ఈ ఉత్తరం చేతికి వచ్చిందంటే కార్డు కూడా వచ్చినట్టే. వైర్‌లెస్‌లో పెద్దసారుకు ఒక్క వాక్యంలో చెప్పాను, నీకు పూర్తిగా చెప్పాలి.

ఈ మూడు నెలల్లో దీపం నలభై మూడుసార్లు కన్ను కొట్టింది. ఒక్కసారి కూడా నీ పెట్టె ఒక్క అంకె పోగొట్టుకోలేదు. అది తలెత్తుకుని అందరికీ చెప్పు.

జనవరి ముప్ఫై ఒకటి, యాభై ఎనిమిదో రోజు. మధ్యాహ్నం గేజి చూడటానికి దిగితే, ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన దుంగ ఒకటి పెట్టెకు నీళ్ళ ఎత్తు చెప్పే తేలుడు బిళ్ళకు అడ్డుపడి, దాన్ని నీళ్ళలోకి తొక్కిపట్టింది. బిళ్ళ తేలకపోతే పెట్టెకు రాయడానికేం ఉంటుంది? రీడింగు లేదు అని నిజాయితీగా రాసుకుంటోంది. నడుం లోతు నీళ్ళలోకి దిగి దుంగను తోశాను. పైకి వచ్చి చూస్తే పద్నాలుగు నిమిషాలు ఖాళీ.

పద్నాలుగు నిమిషాలు. అప్పుడే కళ్ళారా గేజి చూసి వచ్చాను, నీళ్ళు ఎంతున్నాయో మిల్లీమీటరుతో సహా నాకు తెలుసు. లాప్‌టాప్ బల్ల మీద తెరిచే ఉంది. తడి బట్టలు కూడా విప్పకుండా దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. ఇంకో రెండు రోజులు. ఈసారి గీత వణికేలా ఎలా గీయాలో కూడా తెలుసు, నువ్వే రాశావు కదా. ఎవరికీ, నీకు కూడా తెలిసేది కాదు.

లాప్‌టాప్ మూసేసి వైర్‌లెస్ తీశాను. లెక్క ఒకటి నుంచి మొదలైంది. ఇవాళ్టికి ముప్ఫై ఎనిమిది. లేకపోతే ఈ ఉత్తరం బదులు నేనే జీపు దిగేవాణ్ణి. చిట్టిదానికి ఏం చెబుతావో చెప్పు, నాకేం తోచడం లేదు.

నీ
కొండమనిషి


టెస్టింగ్ గది
మార్చి 12

శ్రీవారికి,

రేపు దారి బాగుచేసేవాళ్ళ లారీ వస్తోందంటే దానిలో ఇది పంపుతున్నాను.

జీపు వచ్చిన చప్పుడుకు చిట్టిది పరుగెత్తుకెళ్ళి, వెనక సీటు కింద కూడా చూసి వచ్చింది. ఖాళీ సంగతి నాకు పెద్దసారు జనవరిలోనే చెప్పారు. అయినా ఎందుకో నేనూ గుమ్మంలో నిలబడ్డాను. మీ ఉత్తరం చదివాక కోపం వచ్చింది, అబద్ధం చెప్పను. ఒక్క గీత గీస్తే వచ్చేసేవారు కదా అనిపించింది. రెండు పూటలు మనసులో కూడా మీతో మాట్లాడలేదు.

ఇవాళ పొద్దున కార్డు తెరిచి, మొత్తం గీతను పొడుగాటి కాగితం మీద గీయించి నేలమీద పరిచాను. గోడ నుంచి గోడ దాకా వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని ఒకటో రోజు నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళాను. అంతా వణుకుతూనే ఉంది. యాభై ఎనిమిదో రోజు దగ్గర గీత తెగి, చిటికెనవేలి గోరంత తెల్లకాగితం కనబడింది. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. పక్క బల్లవాళ్ళు లేచి వచ్చారు, ఏమైందమ్మా అని.

పోయినసారి మీరు గీసిన తిన్నని గీతల్లో ఎంత వెతికినా మీరు కనబడలేదు. ఈ ఖాళీలో కనబడుతున్నారు. చలినీళ్ళలో నడుం దాకా దిగి, పళ్ళు బిగించి, దుంగను తోస్తున్నారు. తర్వాత తడిబట్టలతో బల్ల ముందు కూర్చుని, మా ఇద్దరినీ తలుచుకుంటూ లాప్‌టాప్ మూస్తున్నారు. ఏడాదిగా మిమ్మల్ని ఇంత దగ్గరగా చూడలేదు.

అరవై నిండేది ఏప్రిల్ ఒకటిన. అప్పటిదాకా మీరు దిగి రాకూడదనే కదా కాగితంలో ఉంది, నేను ఎక్కి రాకూడదని లేదు. పెద్దసారుకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి పదిహేను రోజుల సెలవు మీద సంతకం పెట్టారు. ఇరవై ఐదో తేదీ జీపులో చిట్టిదీ నేనూ వస్తున్నాం. మంచం ఒక్కటే అని రాశారు కదా, సర్దుకుంటాం.

మీ ఆవిడ